గీత కార్మికులకు హెల్మెట్ చేద్దామనుకుంటున్న, ఫైబర్ షెల్లు పనికొస్తదా?

ఫైబర్‌పని_జనగాం:

అందరికి నమస్తే. జనగాం దగ్గర నాది చిన్న ఫైబర్ వర్క్‌షాపు, ఆటోల టాపులు, ట్యాంకు మూతలు, అప్పుడప్పుడు గుళ్ళకు బొమ్మలు గిట్ల చేస్త. మా చిన్నాయన తాళ్ళు ఎక్కుతడు, ముప్పై ఏండ్ల సంది అదే పని. పోయిన ఎండాకాలం పైన కమ్మలు కొడుతుంటే ఎండిన మట్ట ఒకటి జారి సీదా నెత్తి మీద పడ్డది, ఎనిమిది కుట్లు. మోకు (చెట్టుకు, నడుముకు కలిపి చుట్టుకునే తాడు) మీద గట్టిగ కూసున్నడు కాబట్టి కిందికి రాలే, లేకుంటే కథ వేరే ఉండు.

తర్వాత ఇంట్ల అందరం పట్టువడితే ఒకరోజు నా బండి హెల్మెట్ పెట్టుకుని ఎక్కిండు. సగం చెట్టు కాడికెళ్ళే దిగిండు. పైకి చూస్తే వెనక అంచు మెడకు గుచ్చుకుంటదంట, కింద ఎవరన్న పిలిస్తే ఇనవడదంట, చెమటంత కండ్లల్లకే. బిల్డింగు పనోళ్ళ పసుపు టోపీ ఇస్తే అది మోకు మీద వెనక్కి వాలంగనే ఊడి కింద పడ్డది. ఇగ రెండూ కాదని రుమాలే కట్టుకుంటున్నడు.

అందుకే నేనే ఒకటి చేసిన. పాత బండి హెల్మెట్‌ను చెవుల పైదాక కోసి దాని మీద ప్లాస్టర్ అచ్చు తీసిన, 450 మ్యాట్ (చదరపు మీటరుకు 450 గ్రాముల గాజు నార చాప) రెండు లేయర్లు, పైన జెల్ కోట్ (రెజిన్ పైపూత). లోపల టీవీ డబ్బాల వచ్చే థర్మకోల్ కోసి పెట్టిన (ముందుగాల రెజిన్ తడి ఆరకముందే పెడితే కరిగి గుంత పడ్డది, ఫైబర్ పని చేసేటోళ్ళకు తెలుసు ఆ బాధ). పట్టీలు స్కూలు బ్యాగువి, నాలుగు నట్టు బోల్టులతోటి బిగించిన. మొత్తం 710 గ్రాములు. చూడనీకైతే మంచిగనే ఉంది.

అడగాల్సినవి ఏందంటే, ఫైబర్ మంచిదా ఏబీఎస్ ప్లాస్టిక్ మంచిదా, లోపల మందం ఎంత ఉండాలె, నలభై అడుగుల మీదకెళ్ళి పడితే తలకాయ కాపాడాల్నంటే ఇంకో లేయర్ వేస్తే సరిపోతదా, అసలు ఇది పనిచేస్తదో లేదో ఇంటికాడ ఎట్ల చూసుకోవాలె. మా ఊళ్ళ ఇంకో ఇరవై మంది అడుగుతున్నరు, ఎవరి తలకు సరిపోయేటట్టు వాళ్ళకు చేసిద్దామని ఉంది. లాభం కోసం కాదు, మెటీరియల్ ఖర్చు వస్తే చాలు.


డ్రాప్‌టెస్ట్:

మంచి పని మొదలుపెట్టారు బ్రో, కానీ మీ మూడో ప్రశ్న దగ్గర ఆగి ముందు దాని సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే అది తేలకపోతే మిగతావన్నీ వృథా. నేను పూణేలో ఒక ప్రొడక్ట్ డిజైన్ కంపెనీలో చేస్తాను, ఊరు తెనాలి. హెల్మెట్ల ప్రాజెక్టులు రెండు చూశాను.

ఒక చిన్న లెక్క చెప్తాను, కాగితం మీద వేసుకోండి. పడిన ఎత్తుని తల ఆగడానికి దొరికిన దూరంతో భాగిస్తే, తల మీద ఎన్ని 'జీ'ల (భూమి ఆకర్షణకి ఎన్ని రెట్ల) బలం పడుతుందో కనీసం అంచనా వస్తుంది. మీటరున్నర ఎత్తు, లోపల ఫోమ్ 25 మిల్లీమీటర్లు నలిగిందనుకోండి, 1.5 ని 0.025 తో భాగిస్తే 60 జీ. ఇది అంతా సాఫీగా నలిగితే వచ్చే లెక్క, నిజంగా ఫోమ్ పూర్తిగా నలగదు, అడుగుకి వచ్చేసరికి గట్టిపడుతుంది కాబట్టి రెండింతలు వేసుకోండి. అయినా బతికే లెక్కే, యూరప్ సైకిల్ హెల్మెట్ స్టాండర్డు ఈఎన్ 1078 లో పరిమితి 250 జీ. ఇప్పుడు నలభై అడుగులు అంటే సుమారు 12 మీటర్లు, అదే 25 మిల్లీమీటర్లు: 480 జీ, అది కూడా సాఫీ లెక్కలోనే. కిందికొచ్చేసరికి స్పీడు గంటకి 55 కిలోమీటర్లు. ఇంకో లేయరు ఫైబర్ వేస్తే షెల్లు పగలదు అంతే, తల ఆగే దూరం ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. పైగా తల ఒక్కటే కాదుగా, మెడ, వెన్నుపూస, నడుము.

అంటే చెట్టు మీద నుంచి పడితే కాపాడేది జారగానే పట్టుకునే రక్షణ తాడు, హెల్మెట్ కాదు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కదా, తాడు, హార్నెస్ ఉన్న కిట్టు, ముందు చిన్నాయనగారికి అలాంటిది ఉందో లేదో చూడండి. అది ఉన్నాక హెల్మెట్‌కి అసలు పని మొదలవుతుంది, అదేంటంటే జారినప్పుడు తాడు పట్టుకుంటుంది, మనిషి ఊగి వెళ్ళి చెట్టు బోదెకి కొట్టుకుంటాడు, తల పక్కకో వెనకకో తగులుతుంది. ఇంకోటి పైనుంచి మట్ట పడటం.

ఇక్కడే పసుపు టోపీ ఎందుకు పనికిరాదో కూడా తెలుస్తుంది. ఫ్యాక్టరీ హెల్మెట్ల యూరప్ స్టాండర్డు ఈఎన్ 397 లో (2012 నాటి దాంట్లో) ప్రధానంగా నడినెత్తి మీద దెబ్బే చూస్తారు, 5 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి వేస్తే కింద 5 కిలోన్యూటన్లు (సుమారు 500 కిలోల బరువంత బలం) దాటకూడదు. కొండలెక్కేవాళ్ళ హెల్మెట్‌కి ఈఎన్ 12492 అని వేరే ఉంది, దాంట్లో అదే 5 కిలోలు రెండు మీటర్ల నుంచి నడినెత్తి మీద వేస్తారు, ముందు, పక్క, వెనక కూడా అర మీటరు నుంచి కొడతారు, 10 కిలోన్యూటన్లు దాటకూడదు. మీక్కావలసింది రెండో రకం. మన ఐఎస్ 2925 ఇండస్ట్రీ హెల్మెట్లకి, ఐఎస్ 4151 బండి హెల్మెట్లకి, మీ వాడకానికి రెండూ సరిగ్గా అతకవు.

ఇక తప్పులు, కోప్పడకండి. టీవీ డబ్బా థర్మకోల్ క్యూబిక్ మీటరుకి 15–20 కిలోలు ఉంటుంది, వేలితో నొక్కితేనే దిగుతుంది, దెబ్బకి ఒక్కసారే నలిగిపోయి తల వెళ్ళి షెల్లుకి తగులుతుంది. హెల్మెట్లో వాడేదీ థర్మకోలే కానీ సుమారు 50 నుంచి 80 కిలోల సాంద్రత ఉన్నది. అంటించడానికి రబ్బరు సొల్యూషన్ వాడకండి, అదీ తినేస్తుంది, నీళ్ళతో కలిసే జిగురే వాడాలి. నట్టు బోల్టుల సంగతి నేను చెప్పక్కర్లేదనుకుంటా, దెబ్బ తగిలితే ఆ నట్టే తలలోకి దిగుతుంది. అవి ఇవాళే తీసేయండి.


మోకు_మీద_మొగులయ్య:

తమ్మీ, నేను సూర్యాపేట దిక్కు. ఇరవై రెండేండ్లు ఎక్కిన, ఇప్పుడు మోకాళ్ళు పోయి ఆపిన, మా పిల్లగాడు ఎక్కుతుండు. పైన సారు లెక్కలు మంచిగ చెప్పిండు గాని చెట్టు మీద ఏం జరుగుతదో నేను చెప్త.

ఎక్కేటప్పుడు తలకాయతోటి పనే ఉండది, కాళ్ళకు గుజి బంధం, నడుముకు ముత్తాదు పట్టీ, చేతులు మోకు మీద. పైకి పోయినంక మోకు మీద వెనక్కి వాలి రెండు చేతులు ఇడిసి గెల చెక్కుతం. గప్పుడు మొకం మీదికి ఉంటది, తల మట్టల నడుమ ఉంటది. తాటిమట్ట అంచు రంపం తీర్గ ఉంటది, తగిలితే చర్మం గీసుకపోతది. ఈతచెట్టయితే ముండ్లు, కండ్లకు డేంజర్. తొర్రల్ల కందిరీగలుంటయ్, ఒక్కటి లేచిందంటే మనిషి ఆగమాగమైతడు, శానమంది జారేది గప్పుడే. నువ్వు చేసిన దాంట్ల గాలికి తొర్రలు పెడితే ఈగ లోపలికి పోయే సైజు పెట్టకు, లోపలికి పోయిందంటే హెల్మెట్ ఇసిరి కొడతడు, దాంతోటి పాటు తను కూడ.

ముంగట టోపీ లెక్క చూరు అసలే వద్దు. మీదికి చూసేటోనికి చూరెందుకు? అదే పోయి మట్టకు తడుతది.

ఇంకోటి, కింద నిలవడేటోని గురించి ఎవ్వరు అడుగరు. లొట్లు (కల్లు కుండలు) అందుకునే పిల్లగాడు కింద ఉంటడు. పండుదాడు కింద నిలవడ్డ మనిషి మీద తాటిపండు పడ్డది చూసిన నేను, భుజం ఇరిగింది. తల మీద పడితే?

గా పట్టీ గురించి నాకో డౌటు. గడ్డం కింద గట్టిగ కట్టుకున్నం, కాలు జారింది, హెల్మెట్ పోయి రెండు మట్టల నడుమ ఇరికింది. గప్పుడు మెడకు ఉరి పడ్డట్టే గదా? రుమాలైతే ఊడిపోతది.


డ్రాప్‌టెస్ట్:

మొగులయ్యగారూ, మీ డౌటు మీదే హెల్మెట్లు చేసేవాళ్ళు కూడా రెండు పార్టీలుగా ఉన్నారు, నిజం. ఆ 2012 నాటి ఈఎన్ 397 లో పట్టీ సుమారు 15 నుంచి 25 కిలోల లాగుడికి ఊడిపోవాలి, సరిగ్గా మీరన్న ఉరి పడకుండా. కొండలెక్కేవాళ్ళ దాంట్లో తిరగేసి ఉంటుంది, 50 కిలోల లాగుడు దాకా తెగకూడదు, ఎందుకంటే పడుతూ పడుతూ రెండుమూడుసార్లు కొట్టుకుంటాడు, మొదటి దెబ్బకే ఊడిపోతే రెండోదానికి తల ఖాళీ. పిల్లలకైతే ఈఎన్ 1080 అని వేరే పెట్టారు, ఆడుకునే చోట హెల్మెట్ ఇరుక్కుని మెడకి ఉరి పడకుండా దానంతటదే విడిపోయే బకిల్ ఉంటుంది.

నా ఓటు గట్టి పట్టీకే, కానీ ఒక షరతు మీద. జారినా అడుగు రెండడుగుల్లో ఆపే తాడు ఉన్న మనిషికి మాత్రమే. తాడు లేని మనిషికి ఏ పట్టీ పెట్టాలంటే నా దగ్గర జవాబు లేదు. ఇరుక్కోకుండా చేసేది మాత్రం షెల్లు ఆకారం, గుండ్రంగా నున్నగా ఉండాలి, బయటికి పొడుచుకొచ్చినదేదీ ఉండకూడదు.

తాటిపండు మాట బాగా గుర్తుచేశారు. రెండు కిలోల పండు 12 మీటర్ల నుంచి పడితే దెబ్బ శక్తి 235 జౌళ్ళు, పసుపు టోపీ టెస్టు 49 జౌళ్ళు. పండు మెత్తన కాబట్టి కొంత తనే నలుగుతుంది, అయినా నాలుగైదు రెట్లు. కింద నిలబడేవాడికి హెల్మెట్ కన్నా పది అడుగులు పక్కకి జరగడం చవక.


అచ్చు_ముద్ర:

ఎవరి తలకి సరిపోయేలా వాళ్ళకి అన్నారు కదా, దాని గురించి ఒక మాట. నేను హైదరాబాద్‌లో ప్రోస్తెటిక్స్, ఆర్థోటిక్స్ చేస్తాను, అంటే కృత్రిమ కాళ్ళు, బెల్టులు, కాలిపర్స్. వాటితోపాటు తలకి ఆపరేషన్ అయి పుర్రె ఎముక కొంత తీసేసిన పేషెంట్లకి, ఎముక మళ్ళీ పెట్టేదాకా వేసుకోడానికి హెల్మెట్లు కూడా చేస్తాం. అవి నూటికి నూరుపాళ్ళు కస్టమ్. ప్లాస్టర్ బ్యాండేజీతో తల అచ్చు తీసి, దాని మీద ఎముక లేని చోట కొంచెం ఎత్తు కట్టి (అక్కడ లోపలి నుంచి అస్సలు ఒత్తిడి పడకూడదు), ఓవెన్లో వేడి చేసిన ప్లాస్టిక్ షీటు దాని మీద పరిచి వాక్యూమ్ పెడతాం, లోపల మెత్తటి ఫోమ్. నిలబడి ఉన్న మనిషి తూలి పడితే, తలుపుకి కొట్టుకుంటే కాపాడడానికి, అంతవరకే. ఒక్కోటి రెండు రోజుల పని. ఇరవై మందికి ఇలా చేస్తే మీ వర్క్‌షాపు మూసుకోవాలి తమ్ముడూ.

మీకు నిజంగా కస్టమ్ అక్కర్లేదు. పెద్దవాళ్ళ తల చుట్టుకొలత ఎక్కువగా 54 నుంచి 60 సెంటీమీటర్ల మధ్యే ఉంటుంది. కానీ చుట్టుకొలత ఒక్కటే కొలిస్తే మోసపోతారు, ఇద్దరికీ 56 ఉంటుంది, ఒకళ్ళది కోలగా, ఇంకొకళ్ళది గుండ్రంగా. కోల తల గుండ్రటి హెల్మెట్లో పెడితే నుదుటి దగ్గర నొప్పి, పక్కల ఖాళీ, అది కదులుతూనే ఉంటుంది. కాబట్టి టేపుతో చుట్టుకొలత, తర్వాత తలకి రెండు వైపులా రెండు అట్టలు ఆనించి వెడల్పు, ముందూ వెనకా ఆనించి పొడుగు, ఈ మూడూ ఇరవై మందివీ రాసుకోండి. రెండు సైజుల షెల్లు, లోపల వెనక తిప్పే నాబ్ ఉన్న పట్టీ (సైకిల్ హెల్మెట్లలో ఉంటుంది, విడిగా దొరుకుతుంది) పెడితే దాదాపు అందరికీ కుదురుతుంది. కుదిరిందో లేదో చూడాలంటే గడ్డం పట్టీ పెట్టకుండా నాబ్ బిగించి ముందుకి వంగమనండి, జారకపోతే సరే.

రుమాలు మీద హెల్మెట్ పెడతామంటారు చూడండి, అది ఒప్పుకోకండి. మడతలు ఒత్తుకుంటాయి, షెల్లు జారుతుంది. దానికి బదులు నుదుటి దగ్గర చెమట పీల్చే గుడ్డ పట్టీ, తీసి ఉతుక్కునేలా, ఒక్కొక్కరికీ రెండేసి ఇవ్వండి. వాసన వస్తే వారం తర్వాత ఎవరూ పెట్టుకోరు, మా పేషెంట్లే పెట్టుకోరు, వాళ్ళకి ఎముకే లేదు.


రిటైర్డ్_బొగ్గుబాయి:

కొత్తగూడెం నుంచి. భూగర్భ గనిలో ముప్పై నాలుగేళ్ళు తల మీద హెల్మెట్ మోసినవాడిగా చెప్తున్నా, బరువు గ్రాముల్లో కాదు, ఎక్కడుందో చూడాలి. మా రోజుల్లో లైటు ముందు కొక్కేనికి, బ్యాటరీ నడుముకి, మధ్యలో వైరు వెనక కొక్కెంలోంచి. బ్యాటరీ నడుముకి ఎందుకు పెట్టారంటే అప్పటి బ్యాటరీ తల మీద పెడితే మెడ ఉండదు. అయినా ముందున్న ఆ లైటు బరువుకే సాయంత్రానికి మెడ వెనక పట్టేసేది. నీ చిన్నాయన మొహం పైకెత్తి పనిచేస్తాడు కాబట్టి వెనక బరువు ఉంటే ఇంకా కష్టం. 710 ఎక్కువ బాబూ. కొండలెక్కేవాళ్ళవి రెండు మూడు వందల గ్రాములవి కూడా వస్తున్నాయి.

తెల్లారకముందే ఎక్కే వాళ్ళుంటారు, రేపు ఎవడో ఒకడు లైటు పెట్టమంటాడు. బోల్టు పెట్టి బిగించకు, సాగే పట్టీతో బయట తగిలించు, మట్టకి తగిలితే అదే ఊడి పోవాలి.

గనిలో వాడే హెల్మెట్‌కి డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) అప్రూవల్ ఉండాలి, అది లేనిది లోపలికి రానివ్వరు. అలాగే నువ్వు చేసింది ఊళ్ళో వాళ్ళకి డబ్బులు తీసుకుని ఇచ్చే ముందు ఎవరైనా ల్యాబులో కొట్టించు. మెటీరియల్ ఖర్చే తీసుకున్నా, అది పగిలి ఎవరికైనా ఏమన్నా అయితే మొదటి వేలు నీ వైపే చూపిస్తారు, నువ్వు చుట్టపోడివైనా సరే.


ఫైబర్‌పని_జనగాం:

అందరికి చాన థాంక్స్, లేటుగ రాస్తున్న, పెండ్లిళ్ళ సీజను ఆర్డర్లు ఉండె.

నట్టు బోల్టులు అదే రోజు తీసేసిన అన్నా, నిజంగ సిగ్గయింది. డ్రాప్‌టెస్ట్ అన్న చెప్పిన లెక్క చిన్నాయనకు చెప్పిన, నలభై అడుగులను అంగుళం ఫోమ్‌తోటి ఆపలేం అని. ఆయన నవ్వి, గది నాకు లెక్క లేకుండనే తెలుసురా, ముందుగాల తాడు సంగతి చూడు అన్నడు. కిట్టు కోసం సొసైటీల పేరు రాపిచ్చిన.

ఈలోపట రెండోది చేసిన. చూరు తీసేసిన, వెనక అంచు రెండు వేళ్ళంత పైకి కోసిన, మీదికి చూస్తే మెడకు తగుల్తలేదు. గట్టి థర్మకోల్ కోసం పాత సైకిల్ హెల్మెట్లు నాలుగు కొని లోపలివి తీసి పెట్టిన, దొరకక. గాలికి సన్న చీలికలే పెట్టి లోపలకెళ్ళి దోమతెర జాలీ అతికిచ్చిన. షెల్లు 450 ఒకటి, 300 ఒకటి వేస్తే మొత్తం 520 గ్రాములకు దిగింది. షాపుల ఇనుప పైపు నిలవెట్టి దాని మీదికెళ్ళి 5 కిలోల గుండు మీటరు నుంచి ఇడిసిన, కింద ఇసుక నింపిన కట్టె తలకాయ. నడినెత్తి మీద ఏం కాలే. పక్కకు కొడితే చెవి పైన చీలిక వచ్చింది, అంచు కాడ. అక్కడ ఇంకో పట్టీ మ్యాట్ వేస్తే ఆగుతదా, లేకుంటే అంచును లోపలికి మడవాల్నా? ఇంకోటి, లోపల ఎంత దెబ్బ తగిలిందో తెలుసుకోనీకి ఫోను పెట్టి యాప్‌ల చూసిన, 8 జీ అని చూపెట్టింది, గంతేనా?


డ్రాప్‌టెస్ట్:

ఫోను లెక్క నమ్మకండి, మామూలు ఫోన్లలో సెన్సారు 8 జీ దగ్గరో 16 జీ దగ్గరో నిండిపోతుంది, 8 అని చూపించిందంటే అది దాటి ఎంతో వెళ్ళిందని అర్థం. ఏడీఎక్స్ఎల్ 375 అని 200 జీ దాకా కొలిచే సెన్సారు ఉంది, చిన్న బోర్డు, ఇంజనీరింగ్ పిల్లలెవరైనా ఆర్డుయినోకి (కొలతలు చదివే చిన్న కంప్యూటర్ బోర్డు) కలిపిస్తారు. కట్టె తల లోపల మధ్యలో బిగించి, తలకి హెల్మెట్ పెట్టి తలనే కిందికి వదలండి, గుండు వేయడం కన్నా అది మీ కేసుకి దగ్గర. 200 దాటి నిండిపోతే ఆ డిజైను ఫెయిల్ అనుకోండి. ప్రతి దెబ్బకీ కొత్త ఫోమ్, ఒకసారి నలిగిన థర్మకోల్ మళ్ళీ లేవదు, బయటికి బాగానే కనపడుతుంది కానీ పనైపోయినట్టే. ఇది ఇచ్చేటప్పుడు వాళ్ళకీ చెప్పాలి. అలాగే ఆ పాత సైకిల్ హెల్మెట్ల ఫోమ్ ట్రయల్స్‌కే, ఎన్ని దెబ్బలు తిన్నదో ఎవరికి తెలుసు, మనుషులకి ఇచ్చే వాటిలో కొత్తది పోయించాలి.

అంచు లోపలికి మడవండి, మ్యాట్ పట్టీ వేస్తే చీలిక దాని పక్కన వస్తుంది. మడత 8–10 మిల్లీమీటర్లు చాలు. మడిస్తే అచ్చులోంచి ఊడిరాదు కాబట్టి అచ్చుని రెండు ముక్కలుగా చేయాలి, అది మీకే బాగా తెలుసు. మూడోది అయ్యాక హైదరాబాద్ టీ-వర్క్స్‌లో కనుక్కోండి, 2023 లో మొదలైంది, ప్రొటోటైపులు చేసుకునే చోటే అది. ప్లాస్టిక్ షెల్లుకి వెళ్తే చర్లపల్లిలో సీపెట్ (ప్లాస్టిక్ టెక్నాలజీ కేంద్ర సంస్థ) ఉంది. కానీ ఇంజెక్షన్ డై (కరిగిన ప్లాస్టిక్ ఎక్కించే లోహపు అచ్చు) అంటే లక్షల్లో మాట, ఇరవై మందికి ఫైబరే కరెక్ట్. ఎండకి జెల్ కోట్ తెల్లబడి పిండిలా రాలుతుంటే మార్చేయమనండి.


మోకు_మీద_మొగులయ్య:

తమ్మీ రంగు తెలుపు ఎయ్యి, నల్లది ఎయ్యకు, ఎండకు కాలుతది. ఇంకొకటి మరిసిన. పట్టీ క్లిప్పు గడ్డం కింద నడుమ పెట్టకు, ఎడమ చెంప దిక్కు పెట్టు. కుడిచేతుల కత్తి ఉంటది, ఎడమ చేతితోటి ఒక్కసారే ఒత్తితే ఊడాలె, కందిరీగ లేసిందంటే కత్తి కింద పారేసేంత టైం ఉండది. మా పిల్లగాని తల కొలత రేపు పంపుత, కోల తల వానిది.